నవల దస్త్రం కాదు

మార్క్ హాడన్ అనే ఆంగ్ల రచయిత 2003లో ప్రకటించిన ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్ టైమ్’ అనే నవలకు మన దేశంలో ఒక విచిత్రమైన ఉద్యోగం లభించింది. ఆటిజం అంటే ఏమిటో తెలుసుకోదలచిన ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ, శిక్షణలో ఉన్న అధికారులకూ ఈ నవలను చదవమని సలహా ఇవ్వడం పరిపాటి అయింది. ఆ సలహా ఇచ్చేవారి సదుద్దేశాన్ని శంకించవలసిన పని లేదు. కాని ఆ సలహాయే తప్పు. నవలను నవలగా చదవనీయక ఒక వైద్య నివేదికగా, ఒక సాక్షి వాంగ్మూలంగా చదివించడం వల్ల ఆ రచనకు అన్యాయం జరుగుతున్నది. అంతకంటె పెద్ద అన్యాయం, ఆ రచన ఎవరి గురించినదని మనం అనుకుంటున్నామో వారికి జరుగుతున్నది. ఈ రెండో దానిలో ప్రభుత్వోద్యోగులమైన మనకు భాగం ఉన్నది గనుకనే ఈ వ్యాసం.

కథ తెలియనివారి కోసం కొన్ని మాటలు. ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో తండ్రితో నివసించే పదిహేనేళ్ల క్రిస్టఫర్ బూన్ ఈ నవలకు కథకుడు. ఒక అర్ధరాత్రి పొరుగింటి కుక్క, తోటలో మట్టిని తిరగవేసే ఇనుప పళ్ల పనిముట్టు ఒంట్లో దిగి చచ్చిపడి ఉండగా చూస్తాడు. షెర్లాక్ హోమ్స్ అభిమాని గనుక హంతకుడెవరో కనిపెట్టాలని పూనుకొని, తన పరిశోధనను పుస్తకంగా రాస్తాడు. ప్రకరణాలకు వరుస సంఖ్యలు వేయడు. రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ ప్రధాన సంఖ్యలు మాత్రమే వేస్తాడు. ఎవరైనా తాకితే భరించలేడు. అబద్ధమాడలేడు. ఎదుటివారి ముఖంలోని భావాన్ని చదవలేడు. వెదుకుతూ వెదుకుతూ రెండు నిజాలు కనుగొంటాడు. గుండెజబ్బుతో మరణించిందని తండ్రి చెప్పిన తల్లి బతికే ఉన్నది, తనకు ఉత్తరాలు రాసింది. వాటిని తండ్రి దాచిపెట్టాడు. కుక్కను చంపినది కూడా ఆ తండ్రే. భయంతో ఇల్లు విడిచి, పెంపుడు ఎలుకను వెంటబెట్టుకొని, రైలెక్కి ఒంటరిగా లండన్‌లో ఉన్న తల్లిని చేరుకుంటాడు. చివరకు గణితంలో ఉన్నతస్థాయి పరీక్ష రాసి మొదటి శ్రేణి తెచ్చుకుంటాడు.

నవలకు ఆ ఏడాది విట్‌బ్రెడ్ బహుమతి లభించింది. 2012లో సైమన్ స్టీఫెన్స్ దీనిని నాటకీకరించగా లండన్‌లోని నేషనల్ థియేటర్ ప్రదర్శించింది. మరుసటి ఏడాది ఆ నాటకానికి ఏడు ఆలివియర్ బహుమతులు వచ్చాయి. ఇంతటి ప్రసిద్ధి వచ్చిన తరువాత పుస్తకం తన పుస్తకత్వాన్ని కోల్పోయి ఒక సంస్థగా మారడం సహజమే.

ఇక్కడొక సంగతి గమనించాలి. నవల లోపల ఆటిజం అనే మాట గాని, ఆస్పర్జర్ అనే మాట గాని లేదు. ఆ రెండో మాట అట్ట మీద, ప్రకాశకుల పరిచయ వాక్యాలలో చోటు చేసుకున్నది. అలా చోటు చేసుకున్నందుకు హాడన్ తరువాత బహిరంగంగానే విచారం వెలిబుచ్చాడు. తాను ఈ విషయంలో నిపుణుణ్ణి కానని, నవల కోసం చెప్పుకోదగ్గ పరిశోధనేమీ చేయలేదని కూడా ప్రకటించాడు. నేను సాక్షిని కాను మహాప్రభో అని చేతులు జోడించినవాణ్ణి మనం బలవంతంగా బోనెక్కించాము. అట్ట మీది మాటను లోపలి పుటలన్నింటికీ తీర్పుగా చదువుతున్నాము.

చరిత్ర విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే నేర్పే పాఠం ఒకటున్నది: ఏ ఆధారం దేనికి ఆధారమో ముందు తేల్చుకోవాలి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ని ఎవరూ గుంటూరు జిల్లా భూమి సర్వే నివేదికగా చదవరు. అది ఆ కాలపు ఒక మహనీయుని అంతరంగానికి, ఒక సమాజపు ఆశకు ఆధారం. ఆ దృష్టితో దాని విలువ ఏ నివేదికకూ రాదు. అదే విధంగా హాడన్ నవల 2003 నాటి బ్రిటన్‌లో చదువుకున్న పాఠకులు భిన్నమైన మనస్సును ఏ రూపంలో ప్రేమించడానికి సిద్ధంగా ఉన్నారో చెప్పే ఆధారం. ఆటిజంతో జీవిస్తున్న ఒక మనిషి లోపల ఏమి జరుగుతున్నదో చెప్పే ఆధారం మాత్రం కాదు. ఈ తేడా తెలిసినవారు కూడా, విషయం వైకల్యం అనగానే, తేడాను మరచిపోతున్నారు. కారణం ఊహించడం కష్టం కాదు. ఆ మనుషుల నుంచి నేరుగా వినడం శ్రమతో కూడిన పని. నవల చదవడం సులభం, పైగా ఆనందం.

నష్టమేమిటని అడిగేవారికి సమాధానం మన సికింద్రాబాద్‌లోనే దొరుకుతుంది. 1984లో అక్కడ స్థాపితమై, ఇప్పుడు వేరొక పేరుతో కొనసాగుతున్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఆటిజం తీవ్రతను అంచనా కట్టడానికి ఒక భారతీయ కొలమానాన్ని రూపొందించింది. దానిలో నలభై అంశాలున్నాయి. ఒక్కొక్క అంశానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేస్తారు. ఎదుటివారి చూపుతో చూపు కలపకపోవడం మొదటి అంశం. సాంఘిక సంబంధాలు, భావావేశాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియ జ్ఞానం అన్నీ దాటిన తరువాత చిట్టచివరిదైన నలభయ్యో అంశంగా అసాధారణమైన ప్రతిభ వస్తుంది. క్రిస్టఫర్ గణితం ఆ చివరి గడిలో పట్టే వస్తువు. లోకంలో ప్రచారమైన ఊహ ఏమి చేసిందంటే ఆ నలభయ్యో అంశాన్ని పట్టుకొచ్చి మొదటి స్థానంలో కూర్చోబెట్టింది. ఈ పని హాడన్ ఒక్కడే చేయలేదు. 1988లో వచ్చిన ‘రెయిన్ మ్యాన్’ చలనచిత్రం అంతకుముందే దారి వేసింది. కాని చలనచిత్రం బయటి నుంచి చూపింది. నవల ‘నేను’ అని చెప్పింది. ‘నేను’ అన్న మాటకు ఉన్న బలం అంతా ఇంతా కాదు.

పర్యవసానం ఏమంటే, ఆటిజం ఉన్న బిడ్డ తల్లి ఏ కార్యాలయానికి వెళ్లినా, ఏ బడికి వెళ్లినా, చదువుకున్న పెద్దమనిషి ఒకరు ఆదరంగా అడిగే ప్రశ్న ఒకటుంటుంది: ‘మీవాడికి ప్రత్యేకంగా ఏమి వచ్చమ్మా? లెక్కలా, సంగీతమా?’ నేను హాజరైన ఒక శిక్షణ తరగతిలో ఒక అధికారి ఇదే ప్రశ్నను ఒక తండ్రిని అడగడం విన్నాను. ఆ తండ్రి తన కుమారుడు పన్నెండేళ్లకు చొక్కా బొత్తాములు పెట్టుకోవడం నేర్చుకున్నాడని చెప్పాడు. ఆ సమాధానం తరగతిలో ఎవరికీ సమాధానంగా తోచలేదు. చర్చ మళ్లీ గణితం వైపు నడిచింది. ఆ మధ్యాహ్నం మా అందరి చేతులలో హాడన్ నవల నుంచి తీసిన కొన్ని పుటల ప్రతులున్నాయి.

ఈ ‘ప్రతిభ’ అనే కొలత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని అంత తేలికగా వాడలేము. లియో కానర్ 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి పదకొండు మంది పిల్లలను వర్ణిస్తూ ఒక పరిశోధన పత్రం ప్రకటించాడు. 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ తన పత్రాన్ని ప్రకటించాడు. రెండోది జర్మన్ భాషలో ఉండి చాలాకాలం మరుగున పడింది. 1981లో లోర్నా వింగ్ అనే బ్రిటిష్ వైద్యురాలు ఆయన పేరును ఒక లక్షణ సముదాయానికి పెట్టింది. 1991లో ఉటా ఫ్రిత్ ఆ పత్రాన్ని ఆంగ్లంలోకి అనువదించింది. 2003లో హాడన్ నవల అట్ట మీదకు ఎక్కిన మాటకు అప్పటికి వయస్సు ఇరవై రెండేళ్లు మాత్రమే. 2013లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం అయిదో కూర్పు ఆ పేరును తొలగించి అంతటినీ ఆటిజం అనే ఒకే వర్ణమాలలో చేర్చింది. అంటే అట్ట మీది మాట పుస్తకం కంటె ముందే కాలం చేసింది.

అంతటితో ఆ చరిత్ర ముగియలేదు. హెర్విగ్ చెక్ అనే వియన్నా చరిత్రకారుడు నాజీ కాలపు ఆస్పత్రి దస్త్రాలను పరిశీలించి 2018లో ఒక పరిశోధనను ప్రకటించాడు. ఆస్పర్జర్ నాజీ పాలనతో సహకరించాడనీ, కొందరు పిల్లలను ఆమ్ స్పీగెల్‌గ్రుండ్ అనే సంస్థకు పంపమని స్వయంగా సిఫారసు చేశాడనీ ఆ దస్త్రాలు చెబుతున్నాయి. ఆ సంస్థలో దాదాపు 800 మంది పిల్లలు మరణించారు. అదే ఏడాది ఎడిత్ షెఫర్ కూడా ఈ విషయం మీద గ్రంథం ప్రకటించింది. ఆ వ్యవస్థలో బిడ్డకు చదువు వస్తుందా, సమాజానికి పనికివస్తాడా అనే ప్రశ్నకు సమాధానం మీద ప్రాణం ఆధారపడి ఉండేది. పనికివచ్చే తెలివి ఉన్నదని రాస్తే ఒక దారి, లేదని రాస్తే మరొక దారి. రాసినవాడు వైద్యుడు, రాసింది దస్త్రంలో, రాసిన భాష మర్యాదగలది. దస్త్రాలు రాయడమే వృత్తిగా గల మనం ఈ చివరి వాక్యం దగ్గర కొంచెంసేపు ఆగాలి.

నవల మీద నాకున్న బలమైన అభ్యంతరం ఇక్కడి నుంచే పుడుతున్నది. క్రిస్టఫర్ పరీక్షలో నెగ్గకపోతే ఏమి అయ్యేది? హాడన్ తన కథకుడికి మొదటి శ్రేణి ఇచ్చాడు. పాఠకుడు తృప్తిగా పుస్తకం మూశాడు. ఇన్ని కష్టాలు పెట్టిన పిల్లవాడు చివరకు ‘పనికివచ్చాడు’ అన్న ఊరట అందులో ఉన్నది. అదే బడిలో క్రిస్టఫర్ కంటె ఎక్కువ సహాయం అవసరమైన పిల్లలు కూడా ఉన్నారు. వారిని కథకుడు కాస్త చిన్నచూపుతో ప్రస్తావిస్తాడు. అది పదిహేనేళ్ల బాలుని పాత్రకు తగినదే, అందుకు రచయితను తప్పుపట్టను. కాని వారిలో ఒకరు ‘నేను’ అని కథ చెప్పి ఉంటే అట్టి నవలకు ఇన్ని బహుమతులు వచ్చేవా? దాదాపు అదే కాలంలో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ మూన్ ‘ది స్పీడ్ ఆఫ్ డార్క్’ అనే నవల రాసింది. ఆమె ఆటిజం ఉన్న కుమారుని తల్లి. అందులో కథకుడు వయోజనుడు, ఉద్యోగి. తనను ‘మామూలు’ మనిషిగా మార్చే చికిత్సకు ఒప్పుకొమ్మని అతని సంస్థే ఒత్తిడి చేస్తుంది. వైజ్ఞానిక కల్పనా రచనలకు ఇచ్చే నెబ్యులా బహుమతి దానికి వచ్చింది గాని శిక్షణ తరగతులలో దాని పేరు వినిపించదు. అది పాఠకుణ్ణి ఊరడించదు, తిరిగి ప్రశ్నిస్తుంది.

ఇక రెండో పక్షం. ఆటిజం లేనివాడు ఆటిజం ఉన్నవాడి నోట కథ చెప్పించడమే అపరాధమని, అట్టి నవలను పక్కన పెట్టవలసిందేనని వాదించేవారు ఉన్నారు. వారి కోపానికి కారణం ఉన్నది. వారి సిద్ధాంతానికి లేదు. రావిశాస్త్రిగారు వకీలు, గుమాస్తా కారు. అయినా ‘అల్పజీవి’లో సుబ్బయ్య భయం చదివి తమ లోపలి భయాన్ని గుర్తుపట్టని గుమాస్తాలు ఈ రాష్ట్రాలలో ఎవరైనా ఉంటారా? పరకాయప్రవేశం నిషిద్ధమైతే సాహిత్యం అనే వ్యాపారమే మూతపడుతుంది. ఎవరి ఆత్మకథ వారు రాసుకొని, ఎవరిది వారే చదువుకోవలసి వస్తుంది. అభ్యంతరం ప్రవేశం మీద కాదు. ఒక్కడే ప్రవేశించి తలుపు వేసుకుంటే, అసలు ఆ ఇంట్లో ఉండేవారు బయట నిలబడిపోవడం మీద.

వారు బయట నిలబడ్డారనడానికి దూరం వెళ్లనక్కరలేదు. హాడన్ నవల వచ్చిన 2003లోనే అమెరికాలో ‘ది మైండ్ ట్రీ’ అనే పుస్తకం వెలువడింది. దానికి పూర్వరూపం ‘బియాండ్ ది సైలెన్స్’ అనే పేరుతో 2000లో లండన్‌లో అచ్చయింది. రచయిత తీతో రాజర్షి ముఖోపాధ్యాయ్ భారతీయ బాలుడు, కర్ణాటకలో పెరిగాడు, దాదాపు మాట లేదు, తల్లి సోమ నేర్పిన రాతతో, ఎనిమిది నుంచి పదకొండేళ్ల వయస్సు మధ్య రాసిన గద్యపద్యాలు ఆ పుస్తకంలో ఉన్నాయి. మాట లేకపోయినా మనస్సు ఉన్న ఒక చెట్టు గురించిన రచన అందులోనిదే. మన దేశపు బిడ్డ, మాట రాని బిడ్డ, తన మాటగా రాసినది మన శిక్షణ సంస్థల పఠన సూచికలలో నాకు కనిపించలేదు. స్విండన్‌లోని కల్పిత బాలుడు మాత్రం కనిపించాడు. కల్పనకు ఉన్న పరపతి అనుభవానికి లేకపోవడం ఏ దేశంలోనైనా విచారకరం. అనుభవం స్వదేశంలోనే ఉన్నప్పుడు మరీ విచారకరం. పశ్చిమ దేశాలలో ఈ విషయమై కొంత దిద్దుబాటు జరిగింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 2017లో జరిగిన ప్రదర్శనలో క్రిస్టఫర్ పాత్రను ఆటిజం ఉన్న నటుడు మికీ రో ధరించాడు. నాటకం వచ్చిన అయిదేళ్లకు ఆ ఆలోచన తట్టింది.

ఇంతదాకా చెప్పినదాన్ని బట్టి నేను ఈ నవలను తక్కువ చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. వైద్య నివేదికగా చదవడం మానితే అది ఎంత మంచి నవలో అప్పుడే తెలుస్తుంది. తెలుగు పాఠకునికి మనస్సు లోపలి నుంచి సాగే కథనం కొత్త కాదు. నవీన్ ‘అంపశయ్య’ 1969లోనే చైతన్య స్రవంతిని మనకు పరిచయం చేసింది. క్రిస్టఫర్ కథనం దానికి సరిగ్గా వ్యతిరేక ధ్రువం. అది స్రవంతి కాదు, చిట్టా. గంటలు, నిమిషాలు, పటాలు, జాబితాలు. అతడు తన దుఃఖాన్ని చెప్పడు. ఆ సమయంలో గదిలో ఏమేమి వస్తువులున్నాయో చెబుతాడు. తల్లి ఉత్తరాల కట్ట దొరికిన ఘట్టంలో తేదీలను సరిచూసే ఆ పొడి వాక్యాలే పాఠకుని గుండె పట్టుకుంటాయి.

అలంకార శాస్త్రం చదివినవారికి ఈ నవలలో మరొక విందు ఉన్నది. క్రిస్టఫర్ దృష్టిలో రూపకం అబద్ధం. ఉపమ అబద్ధం కాదు. ఒక పోలీసు ముక్కు వెంట్రుకలను రెండు చిట్టెలుకలతో పోల్చి, ఇది పోలిక మాత్రమే, అవి నిజంగా అలాగే కనిపించాయని వివరణ ఇచ్చుకుంటాడు. సాదృశ్యానికీ అభేదానికీ నడుమ ఉన్న గీత మీద మన ఆలంకారికులు ఎంత చర్చించారో తలచుకుంటే ఈ కుర్రవాడు వారి గోష్ఠిలో కూర్చోదగినవాడే. రూపకాన్ని ఉపమకు రూపాంతరంగా భావించిన దండితో అతడు పేచీ పెట్టుకొని ఉండేవాడు.

ఈ నవలను తెలుగు చేయబూనినవానికి అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఆంగ్ల జాతీయాలను అనువదిస్తే పని జరగదు. కడుపు మండింది, తల తినకు, ప్రాణం లేచివచ్చింది, చెవిలో ఇల్లు కట్టుకొని పోరాడు వంటి మాటల మధ్య పెరిగిన బాలుడు వాటిని విని నిజంగానే బెదిరిపోవాలి. అంతకంటె పెద్ద చిక్కు సర్వనామాలది. ఆంగ్లంలో క్రిస్టఫర్ పోలీసునూ తండ్రినీ అపరిచితుణ్ణీ ఒకే మాటతో సంబోధిస్తాడు. తెలుగులో నువ్వు, మీరు. వాడు, అతడు, ఆయన. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాని అంతస్తు తేల్చవలసిందే. ముఖాలలోని భావం చదవలేని బాలుడు అంతస్తులను ఎలా చదువుతాడు? నియమంగా నేర్చుకుంటాడని నా ఊహ: దుస్తుల మీద బిళ్ల ఉంటే ‘మీరు’, తండ్రి అయితే ‘ఆయన’. కుక్కను చంపినది తండ్రేనని తెలిసిన తరువాత కూడా, నియమం మారలేదు గనుక, ‘ఆయన’ అనే అంటాడు. ఆ ఒక్క మాటలో తెలుగు పాఠకునికి వినబడేది మూలంలో లేదు. మంచి అనువాదకుడు దొరికితే ఈ నవల తెలుగులో మూలాన్ని మించగలదు. అది అనువాదానికి కారణం. ‘అవగాహన కల్పించడం’ కారణం కాదు.

మాటల సంగతి వచ్చింది గనుక ఒక పక్కచూపు. హిందీలో ఆటిజానికి ‘స్వలీనత’ అనీ, ‘స్వపరాయణత’ అనీ రెండు మాటలు వాడుకలో ఉన్నాయి. రెండోది తెలుగు చెవికి స్వార్థపరత్వానికి చుట్టంలా వినిపిస్తుంది. మన పత్రాలలో చాలాకాలం అన్నింటినీ ‘బుద్ధిమాంద్యం’ అనే ఒకే సంచిలో వేశారు. ఇప్పుడు ‘ఆటిజం’ అనే పరాయి మాటనే తెలుగు లిపిలో రాసుకుంటున్నాము. ఈ ఒక్కచోట పారిభాషిక పద నిర్మాతలు చేతులు కట్టుకొని కూర్చున్నందుకు నేను సంతోషిస్తున్నాను.

అధికారులు ఈ నవలలో చదవవలసినది ఒకటున్నది. అది క్రిస్టఫర్ మనస్తత్వం కాదు. కుక్క చచ్చిపడిన చోటికి వచ్చిన పోలీసు ప్రవర్తన. ఆ పోలీసు దుర్మార్గుడు కాడు. మర్యాదగానే మొదలుపెడతాడు. కాని ప్రశ్న మీద ప్రశ్న, సమాధానానికి ఎడం ఇవ్వకుండా, వేస్తాడు. బాలుడు నేల మీద ముడుచుకొని మూలుగుతాడు. పోలీసు చేయి పట్టి లేవదీయబోతాడు. బాలుడు కొడతాడు. అరెస్టు, ఠాణా, కొట్టు గది, తండ్రిని పిలిపించడం, హెచ్చరిక, నమోదు. రాజ్యం ఒక భిన్నమైన మనిషిని మొదటిసారి కలుసుకుంటే ఏమి జరుగుతుందో ఆ నాలుగైదు పుటలలో ఉన్నది. ఆ వ్యవహారంలో ఎక్కడా ఎవరూ నిబంధన తప్పలేదు. ఆ ఠాణాలో కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి.

మన కాగితాలు కూడా క్రమంగా సక్రమమవుతున్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలోని ఏడు వర్గాలలో ఆటిజం లేదు. 1999లో వచ్చిన జాతీయ న్యాస చట్టం మొదటిసారి దానిని పేరెత్తి పేర్కొన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 వర్గాలలో ఒకటిగా చేర్చి, ప్రభుత్వోద్యోగాలలో నాలుగు శాతం ప్రత్యేకింపులో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు గలవారికి కలిపి ఇచ్చింది. నలభై శాతం వైకల్యం అనే గీత దాటితే ధ్రువపత్రం. ఇవన్నీ స్వాగతించవలసినవే.

అయితే 1999 చట్టంలో ఒక ఏర్పాటు మీద నా దృష్టి ఎప్పుడూ నిలుస్తుంది. పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తికి సంరక్షకుణ్ణి నియమించే అధికారం స్థానిక కమిటీకి ఉన్నది. అందులో జిల్లా మెజిస్ట్రేటు సభ్యుడు. అంటే ఒక మనిషి తరఫున ‘నేను’ అని ఎవరు సంతకం చేయాలో నిర్ణయించేది మనమే. కథకుడు ఎవరు అనేది సాహిత్య విమర్శకులకు ఒక శిల్ప సమస్య. మనకు అది ఒక పరిపాలన సమస్య, కార్యక్రమ పట్టికలో ఒక అంశం, పది నిమిషాల వ్యవహారం. ఆ పది నిమిషాలలో ఆ వ్యక్తి గదిలో ఉంటాడా, వరండాలో ఉంటాడా? గదిలో ఉంటే అతణ్ణి ఒక ప్రశ్న అడిగి, సమాధానం వచ్చేదాకా మౌనంగా కూర్చుంటామా? మాట లేకపోతే రాతతో, బొమ్మతో, సైగతో చెప్పనిస్తామా? 2016 చట్టం చట్టం ముందు ఇతరులతో సమానమైన సామర్థ్యాన్ని గుర్తించి, సంరక్షణను పరిమితంగా, ఆ వ్యక్తిని సంప్రదిస్తూ సాగవలసినదిగా భావించింది. ఆ సంప్రదింపు కార్యవివరణలో ఒక వాక్యంగా మిగిలిపోతే హాడన్ మాత్రమేం చేయగలడు!

కనుక శిక్షణ సంస్థల వారికి నా విన్నపం రెండు భాగాలుగా ఉన్నది. మొదటిది, ఆటిజం గురించి తెలుసుకోవడానికి ఆటిజం ఉన్నవారు రాసినవి చదివించండి: తీతో ముఖోపాధ్యాయ్ ఉన్నాడు, 1986లో టెంపుల్ గ్రాండిన్ ప్రకటించిన స్వీయకథ ఉన్నది, 1992 నాటి డోనా విలియమ్స్ స్వీయకథ ఉన్నది. వాటిలో ఒకదానితో మరొకటి ఏకీభవించదు. ఆ ఏకీభవించకపోవడమే వాటి ప్రయోజనం. వీటిని భారతీయ భాషలలోకి తేవడానికి సాంస్కృతిక శాఖల అనువాద పథకాలలో చోటుండాలి. రెండోది, హాడన్ నవలను తరగతి నుంచి తీసివేయనక్కరలేదు. ఆ పోలీసు ఘట్టాన్ని మాత్రమే ఇవ్వండి. చదివిన తరువాత ఒక్కొక్క అధికారి చేత, ఆ పోలీసు ఆ రాత్రి ఠాణాకు తిరిగివచ్చి దినచర్య పుస్తకంలో ఏమని రాసి ఉంటాడో, మన ఆఫీసు భాషలోనే, పది వాక్యాలలో రాయించండి. పిమ్మట ఆ పది వాక్యాలను క్రిస్టఫర్ చిట్టా పక్కన పెట్టి, రెండింటిలో ఏది ఎక్కువ విషయం వదిలిపెట్టిందో లెక్కించమనండి.